నిమ్మకాయ నలిగిన చోటు

ఆ నంబరు నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా ఒకటే ప్రశ్న ఉండేది. "ఇంటికి చేరినవా బిడ్డా?" చేరాను కాకా అంటే పెట్టేసేవాడు. లేదు, ఇంకా బస్సులోనే ఉన్నానంటే అరగంటకు మళ్లీ చేసేవాడు. అందుకే పోయిన నెల ఒక పొద్దున, నేను ఇంట్లోనే కూర్చుని టీ తాగుతుండగా ఫోన్ మీద ఆ పేరు కనిపించేసరికి గ్లాసు కింద పెట్టేశాను. ఇంత పొద్దున్నే, ఇంట్లో ఉన్న మనిషిని చేరావా అని ఎవరడుగుతారు?

ఎత్తితే ఆయన కాదు, ఆయన బిడ్డ. భూపాలపల్లి నుంచి.

"అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల్నే. తండకు తీస్కపోతున్నం. నీకు చెప్పకపోతే మంచిగుండదని చేసిన."

ఉన్నదున్నట్టు చెప్తున్నాను, నాకు ముందు దుఃఖం రాలేదు. భయం వచ్చింది. ఆయనకు నేనొక మాట ఇచ్చి ఉన్నాను. మా షెడ్డులో, అందరి ముందు, ఒక తప్పు నాదేనని చెప్తానని. చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తు చేసే మనిషి లేడు. గుర్తు చేసేవాళ్లు లేకపోతే నాలాంటిది ఎప్పటికైనా చెప్తుందా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

మా షెడ్డు జనగామ ఊరి బయట ఉంటుంది. రోడ్డు మీంచి చూసినవాళ్లు బియ్యం గోదాము అనుకుంటారు. అక్కడ మేము లోహాన్ని కరిగించం. రాగి పొడిలో కొంచెం తగరం పొడి కలిపి, రెండు ఉక్కు రోలర్ల నడుమకు పైనుంచి పోస్తాం. అవి మెల్లగా తిరుగుతూ పొడిని లోపలికి లాక్కుని నొక్కుతాయి. కిందికి అది పట్టీ అయి దిగుతుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో, లింగాల ఘనపూర్‌లో మా అమ్మకు ఈ సంగతి చెప్తే నమ్మలేదు. "బెల్లం లేకుంట రొట్టెపొడితోని మలీద ముద్ద గట్టినట్టు, గదెట్ల నిలుస్తదే?" అంది. నా డిప్లొమా పుస్తకాల్లో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు.

నిలవదు కూడా. అప్పుడే దిగినదాన్ని మేము పచ్చి పట్టీ అంటాం. చూడటానికి రేకే. వంచితే అప్పడమే. దాన్ని ఫర్నేసులో కాల్చి, మళ్లీ రోలర్ల కింద నొక్కి, మళ్లీ కాలిస్తే అప్పుడు నిజంగా రేకవుతుంది. మోటార్లలో వేసే బుష్షులు దాంతో చేస్తారు. రోలరు నుంచి ఫర్నేసు దాకా పది అడుగులుంటుందేమో. ఆ పది అడుగులూ దాటిందా, ఇక దాన్ని ఎవరైనా మోయవచ్చు. దాటేదాకా మాత్రం ఆయనే మోయాలి.

ఆయన మా రోలింగ్ మేస్త్రి. డోర్నకల్ దగ్గర ఒక తండా ఆయనది. జనగామలో ఒక గది తీసుకుని ఉండేవాడు. ఆదివారం రైలెక్కి, మహబూబాబాద్ మీదుగా ఇంటికి పోయి వచ్చేవాడు. షెడ్డులో అందరూ పైలం కాకా అనేవాళ్లం. పైలం అంటే మా దిక్కు జాగ్రత్త అని. ఆ మాట లేకుండా ఆయన నోరు మెదిపేవాడు కాదు. టీ గ్లాసు అందిస్తే, "పైలం, కాల్తది." స్టూలెక్కితే, "పైలం." తన పెళ్లి కుదిరిందని ఒకాయన మిఠాయి పంచితే, ఒక ముక్క నోట్లో వేసుకుని, ఆ మనిషి ముఖంలోకి దిగులుగా చూసి, "పైలం బిడ్డా" అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆయనకు ఎందుకు నవ్వామో అర్థం కాలేదు.

మే నెల ఎండల్లో కూడా చంకలో గొడుగుండేది. చొక్కాకు మెడదాకా గుండీలు. ఎందుకు కాకా ఇంత పరేషాన్ అంటే, "పరేషాన్ ఐతనే బతికున్న బిడ్డా" అనేవాడు. రోలర్ల దగ్గర ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, గాలికి పొడి పక్కకు పోతుందని. తుమ్ము వచ్చేట్టుంటే బయటికి పరుగెత్తాలి. ఒకసారి షెడ్డు యజమాని సేటుగారే తుమ్మబోతే ఆయన్ని భుజం పట్టి తలుపు దాకా నెట్టాడు. సేటుగారు వాకిట్లో తుమ్మి, ఏమీ జరగనట్టు లోపలికొచ్చారు.

వానాకాలం వస్తే ఆయనకు అన్నం సయించేది కాదు. తేమకు పొడి ముద్దకడుతుంది, సరిగా జారదు, పట్టీ ఒకచోట మందంగా ఒకచోట పలచగా దిగుతుంది. పొద్దున్నే చిటికెడు పొడి తీసి చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నలిపేవాడు. నేను దాన్ని పరీక్షించడానికి మిషను పెట్టుకుని, అరగంట కష్టపడి, తేమ ఎక్కువుందని కాగితం మీద రాసేదాన్ని. ఆయన అప్పటికే పొడిని పళ్లాల్లో పరిచి ఫర్నేసు పక్కన పెట్టి ఉండేవాడు. "చెప్తదిరా ఇది, ఇనాలె గని" అనేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. చదువుకున్నదాన్ని కదా. తర్వాత తర్వాత నేను కూడా ఎవరూ చూడనప్పుడు చెవి దగ్గర నలిపి చూసేదాన్ని. నాకు ఏమీ వినపడలేదు.

పొడి గింజలు గుండ్రంగా ఉంటే పట్టీ నిలవదు. గుంతలు, మూలలు ఉన్న గింజలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకసారి నున్నటి గుండ్రటి పొడి కొత్తగా వస్తే, అరచేతిలో పోసి చూసి తల అడ్డంగా ఊపాడు. "మూలలుండాలె. మరీ నున్నగున్నది ఎవల్నీ పట్టుకోదు." ఆ మాట నన్ను చూసి అనలేదు, పొడిని చూసి అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే మాత్రం నన్నే అన్నట్టుంటుంది.

పట్టీ దిగేటప్పుడు ఆయన్ని చూడాలి. రోలర్ల కింద వంగి, రెండు ముంజేతులూ చాచి, అరచేతులు పైకి తిప్పి నిలబడేవాడు. వేళ్లతో పట్టుకునేవాడు కాదు. చంటిపిల్లను అందుకున్నట్టు ముంజేతుల మీదికి తీసుకునేవాడు. "దీనికింక మెడ నిలువలె" అనేవాడు, మెడ ఇంకా నిలవని పసిగుడ్డు అన్నట్టు. ఊపిరి బిగపట్టి, అరికాళ్లు నేలమీద జారుస్తూ ఆ పది అడుగులూ నడిచేవాడు. మేమంతా తెలియకుండానే ఊపిరి బిగపట్టేవాళ్లం. మధ్యలో తన ఇంటి భాషలో, లంబాడీలో, ఏదో గొణిగేవాడు. ప్రతిసారీ అవే మాటలు. మంత్రమని అనుకునేవాళ్లం. అడిగితే సిగ్గుపడేవాడు.

రోలరు వేగం పెంచమని సేటుగారు అప్పుడప్పుడు అరిచేవారు. "పెంచద్దు సార్. పొడిల గాలుంటది. అది మెల్లగ బయటికి పోవాలె. తొందర జేస్తే లోపట్నే చిక్కుతది, తర్వాత పగులుతది." ఈ ఒక్క విషయంలో ఆయన సేటుగారికి కూడా లొంగేవాడు కాదు.

ఆయన భయాన్ని మేము ఎంత ఎగతాళి చేసేవాళ్లమో చెప్పడానికి ఒక సంగతి చాలు. ఫర్నేసు లోపల పట్టీ నల్లబడకుండా ఒక గ్యాసు పోతుంటుంది. బయటికొచ్చిన గ్యాసు మూతి దగ్గర చిన్న మంటగా కాలిపోతుండాలి. ఆ మంట ఆరిందంటే గ్యాసు షెడ్డులో నిండుతుంది, ఆ తర్వాత ఏ నిప్పురవ్వ చాలు. ఒకరోజు మధ్యాహ్నం అందరం టిఫిన్ డబ్బాలు విప్పుతుండగా ఆయన లేచి నిలబడ్డాడు. "మంట లేదు" అన్నాడు. ఆయన కూర్చున్న చోటు నుంచి ఆ మంట కనిపించదు, దాని బుసబుస ఆగడం చెవికి తెలిసిందేమో. మరుక్షణం కేకలు. అన్నాలు వదిలేసి అందరినీ మెడలు పట్టి బయటికి తోశాడు, నన్నయితే చున్నీ పట్టి లాగాడు. మళ్లీ లోపలికి ఒక్కడే పోయి గ్యాసు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి వచ్చాడు. అరగంట ఎండలో నిలబడ్డాం. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి నవ్వాం. ఫర్నేసు చూసే సారన్న, "కాకా, నీ భయానికి గ్యాసే పరేషానయ్యి పారిపోయింది" అన్నాడు. ఆయన నవ్వలేదు. మూతి తుడుచుకుంటూ మమ్మల్ని ఒక్కొక్కరినే వేలితో లెక్కపెట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చి ఆగి, "చున్నీ చినిగిందా బిడ్డా?" అని అడిగాడు.

ఇక ఆ దసరా.

ప్రతి ఏడూ మిషను పూజ ఆయనే చేసేవాడు. మిషను కాళ్లకు పసుపు, స్విచ్చుబోర్డు పక్కన బంతిపూల దండ, కొబ్బరికాయ మాత్రం వాకిట్లో. ఆ ఏడు ఇంటామెకు జరం ఎక్కువైందని ఒక రోజు ముందే తండాకు పోవాల్సి వచ్చింది. పోయే ముందు రోలర్లను మెత్తటి గుడ్డతో తుడిచి, కుంచెతో నూనె రాసి, పైన బట్ట కప్పాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఈ ముక్క గుర్తుంచుకోండి. తర్వాత నాకు అప్పగింతలు మొదలుపెట్టాడు. పొడి డ్రమ్ము మూత, గ్యాసు వాల్వు, లైట్లు, కిటికీ గొళ్లెం, వానొస్తే చూరు కింద బకెట్టు. చెప్పులేసుకుని మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో రెండు చెప్పాడు. నిమ్మకాయల సంగతి ఒక్కటి చెప్పలేదు. అట్లా ఎవరైనా చేస్తారని ఆయన భయానికి కూడా తట్టలేదు.

మర్నాడు పూజకు పెద్దదిక్కును నేనే. అది నా తలకు కొంచెం ఎక్కింది. బొట్లు పెట్టాం, దండ వేశాం. సారన్న చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టుకుని, "మేడం, లారీకైన స్కూటరుకైన టైరు కింద పెట్టి తొక్కిస్తం గద. ఇది గూడ తిరిగేదే గద" అన్నాడు. అందరికీ సబబుగా తోచింది. నాకు కూడా. రోలర్ల నడుమ పెడితే నూనెకు నిమ్మకాయలు జారిపోతున్నాయి. "నూనె తుడువుండ్రి" అన్నది నేనే. తుడిచారు. బటను నొక్కింది నేనే. రెండు నిమ్మకాయలూ పటపటా నలిగి, రసం రోలర్ల మీద పారింది. అందరూ చప్పట్లు కొట్టారు. దిష్టి పోయిందని నేను కూడా కొట్టాను. తర్వాత తడిగుడ్డతో పైపైన తుడిచి, బట్ట కప్పి, ఊరికి పోయి పండుగ చేసుకున్నాను. మూడు రోజులు వాన పడుతూనే ఉంది.

ఆయన తిరిగి వచ్చిన పొద్దున అందరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టాడు. నా చేతిలో పెడుతూ, "బంగారమోలె ఉండు బిడ్డా" అన్నాడు. తర్వాత మిషను ఆన్ చేశాడు. పట్టీ దిగుతూ దిగుతూ పుటుక్కుమంది. మళ్లీ మొదలుపెడితే మూరన్నర పొడుగు దిగి మళ్లీ అక్కడే పుటుక్కుమంది. రోలరు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట. ఆపి, టార్చిలైటు పక్కనుంచి పట్టి చూశాడు. నేను కూడా వంగి చూశాను. అద్దంలాంటి ఉక్కు మీద బూడిద రంగు మరక, గోటికి తగిలే సన్నటి గుంతలు. పులుపు ఉక్కును తింటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. అక్కడున్నవాళ్లలో ఇంకెవరికీ ఆ మరకకూ పూజకూ సంబంధం తోచలేదు. దేవుడికి చేసిన పని మిషనుకు కీడు చేస్తుందని ఎవరనుకుంటారు? నాకు మాత్రం ఒక్క చూపుతో తెలిసిపోయింది. గుమ్మడికాయ దొంగ ఎవరని ఎవరూ అడగకముందే నా చేయి భుజం తడుముకుంది.

ఆయన పొడి పక్కకు పోకుండా ఉండే అడ్డుబిళ్లలు విప్పాడు. అందులోంచి ఏదో చిన్నది రెండు వేళ్లతో తీసి, వెలుతురుకు పెట్టి చూసి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. నన్ను చూడలేదు. అది నిమ్మగింజ అని నాకు తెలుసు.

ఆ సాయంత్రం వెళ్లేటప్పుడు, "ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అన్నాడు. ఏం లేదు కాకా అన్నాను. మర్నాడు, "పండుగ మంచిగైందా?" అన్నాడు. అయింది కాకా అన్నాను. మూడో రోజు నా టేబులు దగ్గర నిలబడి, గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఏమీ అడగకుండా పోయాడు. ఆ మూడు రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

నాలుగో రోజు సేటుగారు వచ్చి కూర్చున్నారు. పట్టీ కోసం అవతలి కంపెనీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. కొత్త రోలరు రావడానికి నెలలు పడుతుంది. "ఎవరి పని ఇది?" అని అరిచారు. కాకా నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత తువ్వాల తీసి చేతులు తుడుచుకుంటూ ముందుకు నడిచాడు.

"పండుగకు పొయ్యేటప్పుడు నూనె రాసుడు మర్సిన సార్. తుప్పు తిన్నది. తప్పు నాదే."

నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. లేదు సార్, నూనె రాయడం నేను చూశాను. అంతే చెప్పాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బిడ్డ ఇంజినీరైందని నాయిన ఊరంతా చెప్పుకున్నాడు. తీసేస్తే ఏ ముఖం పెట్టుకుని ఘనపూర్‌లో బస్సు దిగాలి? ఇవే కారణాలు. సాకులు కూడా ఇవే. నోరు తెరవలేదు. నూనె తుడిచినవాళ్లు నా వైపు చూసి, తలలు దించుకున్నారు.

ఆయన్ని రోలరు మీంచి తీసి ప్యాకింగులో వేశారు. కొత్త రోలరు వచ్చాక ఇంకొకరు నడిపారు. ఎన్నో రోజులు పట్టీ విరుగుతూనే ఉండేది. ప్యాకింగు టేబులు దగ్గర్నుంచి ఆయన చూస్తుండేవాడు. పట్టీ దిగే వేళకు ఆయన ముంజేతులు వాటంతటవే పైకి లేచేవి, అరచేతులు పైకి తిరిగేవి. గుర్తొచ్చి దించుకునేవాడు. నేను అది చూడకుండా ఉండటానికి నా కుర్చీ తిప్పుకున్నాను. మళ్లీ దసరా రాకముందే పని మానేసి భూపాలపల్లిలో బిడ్డ దగ్గరికి పోయాడు. పోయేనాడు కూడా నాతో, "సాయంత్రం బస్సుల రష్షుంటది, పైలం" అన్నాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. నా ఉద్యోగం ఖాయమైంది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం నా వంతుకు వచ్చింది. చెడిపోయిన రోలరు తలుపు పక్కన పడేసి ఉంటుంది, టీ తాగేటప్పుడు అందరూ దాని మీద కూర్చుంటారు. మొదటిసారి ఎవరో కొత్తవాళ్లకు దాన్ని చూపించి, "ఒక మేస్త్రి నూనె రాయకుండా ఊరికి పోయిండు, గిట్లయింది" అని చెప్పి, అవునా మేడం అన్నట్టు నా వైపు చూశారు. తల ఊపాను. ఆ తర్వాత బ్యాచికి నేనే చెప్పాను. మచ్చ మీద వేలు పెట్టి చూపిస్తూ, ఒక మేస్త్రి ఉండేవాడు అంటూ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా మరుసటి బ్యాచికి కూడా చెప్పాను. అలవాటైపోయింది.

రెండేళ్ల కింద భూపాలపల్లి పోయాను. ఆయనకు ఒంట్లో బాగుండటం లేదని తెలిసింది. అల్లుడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఈయన కిటికీ దగ్గర మంచం వేసుకుని, అల్లుడు డ్యూటీ దిగి వచ్చేదాకా సందు వైపే చూస్తూ కూర్చుంటాడట. చిక్కిపోయాడు. గుండీలు మాత్రం మెడదాకా ఉన్నాయి. బిడ్డ టీ తెచ్చి పెట్టింది. మాటల్లో నేను, పట్టీ మోసేటప్పుడు మీ బాపు ఏదో మంత్రం చదివేవాడని అన్నాను. ఆమె నవ్వింది. "మంత్రమేంది అక్కా? మాకు నడక నేర్పేటప్పుడు అనేటోడు. 'మెల్లగ రా తల్లీ, నిన్నెవ్వలు తరుముతలేరు' అని." ఆయన సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు.

ఆమె లోపలికి పోయాక చెప్పేశాను. నిమ్మకాయలు, నూనె తుడిపించడం, బటను, అన్నీ. చెప్తూ ఏడ్చాను. ఆయన వింటూ దుప్పటి అంచు సరిచేసుకున్నాడు.

"గింజ దొరికింది గద బిడ్డా. గప్పుడే ఎరుకయింది."

"మరి నా పేరు చెప్పలేదెందుకు కాకా?"

"నువ్వే చెప్తవనుకున్న. మూడు దినాలు చూసిన." మెడ దగ్గరి గుండీ తడుముకున్నాడు. "నువ్వు చెప్పలె. సేటు ఎవలదో ఒకలది పేరు కావాలె అన్నడు. నీకింక మెడ నిలువలె అనుకున్న."

ఆయన గొప్పకోసం చేశాడేమో అని ఇన్నాళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను. గొప్పకోసం కాదు. మూడు రోజులు నాకోసం ఎదురుచూశాడు.

"నూనె రాయని మేస్త్రి అని కొత్తోళ్లకు నా కత చెప్తున్నరంట. సారన్న ఫోన్ల చెప్పిండు" అన్నాడు. "నలభై ఏండ్లల్ల ఒక్కనాడు నూనె రాయకుంట పోలె బిడ్డా. గదొక్కటే జర కష్టమనిపిస్తది. ఎవలు చెప్తున్నరో."

నేను నేల చూపులు చూశాను. అన్నీ చెప్పాననుకున్నదాన్ని, ఈ ఒక్కటి చెప్పలేకపోయాను.

"నాకు చెప్పుడేంది, నాకెరుకే. ఆడ చెప్పు. ఆ మిషను కాడ. దసరకు అందరుంటరు గద, గప్పుడు చెప్పు."

"చెప్త కాకా. చెప్పి నీకు ఫోన్ చేస్త."

"పైలం. ఒక్కపారే గుమ్మరియ్యకు" అన్నాడు.

ఆ దసరాకు సేటుగారి చుట్టాలు వచ్చారు, కొత్తవాళ్ల ముందు ఎట్లా అనుకున్నాను. తర్వాతి దసరాకు పూజ రోజు నాకు జ్వరం వచ్చింది. జ్వరమేమీ లేదు. రెండుసార్లూ పండుగ సాయంత్రం ఆయన నుంచి ఫోన్ వచ్చింది. ఇంటికి చేరినవా బిడ్డా అని అడిగాడు, చేరానన్నాను. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు అట్లాగే ఉండి పెట్టేశాడు.

పోయిన నెల ఆ ఫోను వచ్చాక రైలెక్కి డోర్నకల్‌లో దిగి, ఆటో పట్టుకుని తండాకు చేరాను. నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఆయన గొడుగు గోడ గూటానికి తగిలించి ఉంది. బిడ్డ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుపు సద్దుమణిగాక అడిగింది. "అక్కా, బాపు నీ ఫోను కోసం చూస్తుండె. 'మేడం చేసిందా' అని అడుగుతుండె. నువ్వే చెయ్యరాదు బాపూ అంటే, 'ఆమెనే జెయ్యాలె' అనేటోడు. ఏం చెప్పేదుండె?"

"ఉన్నది. చెప్త" అన్నాను.

మర్నాడు దసరా కాదు, పండుగ కాదు. మామూలు బుధవారం. టీ వేళకు అందరూ పాత రోలరు చుట్టూ చేరారు. నలుగురు కొత్తవాళ్లున్నారు. సేటుగారు కూడా తలుపు దగ్గర నిలబడి టీ తాగుతున్నారు. రోలరు మీద కూర్చున్నవాళ్లను లేవమని, మచ్చ మీద వేలు పెట్టాను. "ఒక మేస్త్రి ఉండె అని మీకు చెప్పిన కద. ఆ మేస్త్రి నూనె రాసిండు. నేను చూసిన. ఆ నూనె తుడిపిచ్చింది నేను." మెల్లగా చెప్పాను, తొందరపడకుండా. నిమ్మకాయలు చెప్పాను. బటను చెప్పాను. ఇన్నేళ్లూ ఆ అబద్ధపు కథ చెప్పింది కూడా నేనే అని చెప్పాను.

సారన్న తల దించుకున్నాడు. "నిమ్మకాయలు తెచ్చింది నేనే మేడం. చప్పట్లు గూడ కొట్టిన" అన్నాడు.

కొత్తవాళ్లలో ఒకామె అడిగింది. "మరి ఆ మేస్త్రికి చెప్పినవా మేడం?"

"చెప్పిన. ఆయనకొక్కనికే చెప్పిన. ఆయనకు ముందుగాల్నే ఎరుక."

సేటుగారు గ్లాసు కింద పెట్టారు. నన్ను తిడతారనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీశారు.

"ఆయన నంబరియ్యి. నేను మాట్లాడాలె."

"నంబరున్నది సార్" అన్నాను. "ఆయన లేడు."

ఆ పూట ఎవరూ మళ్లీ ఆ రోలరు మీద కూర్చోలేదు. సాయంత్రం రోలర్లు తుడిచి, నూనె నేనే రాశాను.

ఇంటికి వచ్చి ఆ నంబరుకు చేశాను. బిడ్డ ఎత్తింది. నేను నోరు తెరవకముందే, "ఇంటికి చేరినవా అక్కా?" అంది.

"చేరిన. చెప్పిన" అన్నాను.

ఏం చెప్పానని ఆమె అడగలేదు.

"రెండు దసరలు నీ ఫోను కోసం చూసిండక్కా" అంది.